సింకు కింద పన్నెండు ఫైళ్ళు

ఆదివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టర్‌గారు టేపు పట్టుకుని వంటింటి సింకు కింద దూరి, దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకు కొత్త అలమర తయారవుతుందని ఇంట్లో ప్రకటించారు. పాతది చెమ్మకు ఉబ్బిపోయి, తలుపులు ఊడిపోయి మూడు నెలలైంది. పక్క వీధిలోనే మంచి వడ్రంగి ఉన్నాడు. కానీ ఆయన్ని పిలిచే పరిస్థితి లేదు.

ఎందుకంటే ఇన్‌స్పెక్టర్‌గారు ఇళ్ళ ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసులో పనిచేస్తారు. ఇచ్చే ఆఫీసన్న మాటే గానీ ఆయన చేతుల మీదుగా ఇచ్చింది తక్కువ. ఎవరి ప్లాన్ వచ్చినా గోడ అంగుళం ఇటుందనో, కిటికీ అంగుళం అటుందనో ఎర్ర సిరాతో అభ్యంతరం రాసి పక్కన పెడతారు. తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్ళు ఆయనకు అంగుళంగారని పేరు పెట్టుకున్నారు. అలా చెప్పులరిగినవాళ్ళలో వడ్రంగి కూడా ఒకడు. పెరట్లో పని షెడ్డు వేసుకుంటానని ఆయన అర్జీ పెట్టి ఎనిమిది నెలలైంది.

"ఏ మొహం పెట్టుకుని పిలవమంటారు ఆయన్ని?" అంది భార్య.

"అసలెందుకు పిలవడం? నాలుగు చెక్కలు కలిపి బిగించడానికి వడ్రంగి కావాలా? కొలత తెలిసినవాడికి పని దానంతటదే వస్తుంది."

ఇంట్లోనే ఉంటున్న అత్తగారు కుర్చీలోంచి, అల్లుడుగారు అన్నారంటే చేసి తీరతారని ఒక మాట వేశారు. అది మెచ్చుకోలో మరొకటో ఆవిడ మొహం చూసి ఇంతవరకూ ఎవరూ పోల్చుకోలేకపోయారు.

మధ్యాహ్నానికి హాలు నిండా రంపపు పొట్టు, నడిమధ్యన ఒక ప్లైవుడ్ పెట్టె తయారయ్యాయి. ఇన్‌స్పెక్టర్‌గారు దాన్ని నాలుగు వైపులా కొలిచారు. కాగితం మీద ఎంతుందో చెక్కలోనూ అంతే ఉంది. గొట్టాల కోసం వెనక చెక్కకు రెండు కన్నాలు పెట్టాలని కాగితం మీద ఎర్రగా గుండ్రాలు కూడా చుట్టారు. గుండ్రాలు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయి.

సింకు బండ కిందికి సగం తోయగానే అలమర ఊగడం మొదలుపెట్టింది. కడిగిన నీళ్ళు పోవడానికి వంటింటి నేల వెనక్కి వాలుగా ఉంటుంది. ఆ సంగతి రోజూ కడిగే మనిషికి తెలుసు గానీ కొలిచే మనిషికి తెలియదు. ఎత్తు పెట్టడానికి భార్య చెక్కముక్కలు ఏరి తెచ్చింది. ఒకటి మందమైంది, ఒకటి పల్చనైంది. అప్పుడు ఆయన చూపు ఆఫీసు సంచి మీద పడింది.

అందులో పన్నెండు ఫైళ్ళున్నాయి. మర్నాడు పది గంటలకు పై అధికారి పెండింగు ఫైళ్ళన్నీ చూస్తానన్నారు. ఏది ఎందుకు ఆగిందో ఒక్కోదాని మీదా ఇన్‌స్పెక్టర్‌గారు ముందురోజే వివరంగా రాసి పెట్టుకున్నారు. అన్నీ ఒకే మందం. అలమర కింద ఒక్కో పక్క వెనక మూడు, మధ్యలో రెండు, ముందు ఒకటి చొప్పున మెట్లలా పేర్చి చూస్తే కొలిచినట్టు సరిపోయాయి.

"ఆఫీసు కాగితాలండీ. వంటింట్లో కింద పెడతారా?"

"పది నిమిషాలు. ఎత్తు చూసుకుని, అంత మందం చెక్క కోసి వీటిని తీసేస్తాను. అయినా నీళ్ళెక్కడున్నాయిక్కడ?"

ఊగడం ఆగింది కానీ, ఇంకో జానెడు లోపలికి వెళ్ళాక అలమర మొరాయించింది. రెండు గోడల మధ్య ఎడం ఆయన ముందువైపే కొలిచారు. వెనక అది వేలెడు తక్కువ. అలమర ముందుకూ రాక, వెనక్కూ పోక బిగుసుకుంది. ఇన్‌స్పెక్టర్‌గారు నేల మీద చతికిలబడి, రెండు కాళ్ళూ దానికి ఆనించి, ఎవరో దరఖాస్తుదారుణ్ణి తన్నినంత కసిగా తన్నారు. అలమర కదిలింది. కన్నాల్లేని వెనక చెక్క వెళ్ళి గొట్టానికి కొట్టుకుంది. లోపల టక్కుమని చప్పుడు, ఆ వెంటనే జలపాతం.

ఇంటి మొత్తానికీ నీళ్ళు కట్టే వాల్వు ఒక్కటే. అది అలమర వెనకాల ఉంది.

బకెట్లు వచ్చాయి, తువ్వాళ్ళు వచ్చాయి, దుప్పట్లు కూడా వచ్చాయి. ఫైళ్ళు తీయబోతే అలమర బరువంతా వాటి మీదే ఉంది. నీళ్ళు హాల్లోకి దారి తీస్తుండగా, అత్తగారు ఎవర్నీ అడక్కుండా చెప్పులేసుకుని పక్క వీధికి వెళ్ళొచ్చారు.

వడ్రంగి వచ్చి గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూశాడు. మడమల దాకా నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, వెనక చెక్క కోసి, చెయ్యి దూర్చి వాల్వు కట్టేశాడు. తర్వాత అలమరను ఒడుపుగా ఇటూ అటూ ఆడించి బయటికి లాగాడు. దాని కింది నుంచి ఫైళ్ళు ఒకటొకటిగా తేలుతూ వచ్చాయి. అందులో ఒకటి తీసి, నీళ్ళు కారుతుండగా అట్ట మీద పేరు చదివాడు.

"ఇది నాదేనండి."

ఇన్‌స్పెక్టర్‌గారు నీళ్ళలోంచి ఇంకో ఫైలు తీశారు. "అవును. పరిశీలనలో ఉంది."

"ఫైలు నానుతోంది, నానుతోంది అని మీ ఆఫీసులో అంటుంటే ఏమో అనుకున్నానండి," అన్నాడు వడ్రంగి.

ఇన్‌స్పెక్టర్‌గారి భార్య తువ్వాలు పిండే నెపంతో మొహం గోడవైపు తిప్పుకుంది. అత్తగారు ఆ పాటి కష్టం కూడా పడలేదు.

సాయంత్రమంతా హాల్లో తాళ్ళు కట్టి కాగితాలు ఆరేశారు. అచ్చులో ఉన్న దరఖాస్తులు, ప్లాన్లు చెక్కుచెదరలేదు. ఎర్ర సిరా మాత్రం ఎక్కడా లేదు. మార్జిన్లో లేత గులాబీ రంగు మరక తప్ప ఒక్క అభ్యంతరమూ మిగల్లేదు. మళ్ళీ రాద్దామని కలం పట్టుకుంటే ఏ గోడ ఎటు అంగుళమో ఒక్కటీ గుర్తురాలేదు. ఆయనకు మొదటిసారిగా, అసలు ఆ అంగుళాలు ఉన్నాయా అనే అనుమానం కలిగింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం సింకు నీళ్ళలో కొట్టుకుపోతుందని తేల్చుకుని, అన్నం కెలికి లేచారు.

మర్నాడు పది గంటలకు పై అధికారి ఉబ్బిన ఫైళ్ళను ఒకటొకటిగా తిరగేశారు. మార్జిన్లు చూశారు, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశారు.

"ఒక్క అభ్యంతరం కూడా లేదు. అన్నీ సరిగానే ఉన్నాయంటారా?"

లేవంటే రాసిన అభ్యంతరాలు ఏమయ్యాయో చెప్పాలి. అది చెబితే అలమర సంగతి చెప్పాలి. ఇన్‌స్పెక్టర్‌గారు నీళ్ళు నమిలి, ఉన్నాయండి అన్నారు.

పై అధికారి పన్నెండు ఫైళ్ళ మీదా అక్కడికక్కడే సంతకాలు పెట్టేశారు. బుధవారానికి అనుమతులు వెళ్ళిపోయాయి. గురువారం వడ్రంగి అనుమతి కాగితం జేబులో పెట్టుకునే వచ్చి, వెనక చెక్క మార్చి, పక్కలు చెక్కి, అదే అలమరను గంటలో బిగించి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్‌గారు ఆయన్ని మీరు అని పిలవడం ఇంట్లోవాళ్ళు అప్పుడే విన్నారు.

శుక్రవారం ఆఫీసులో సర్క్యులర్ వచ్చింది. సెలవురోజు కూడా లెక్కచేయకుండా ఒక్క పూటలో పన్నెండు పెండింగు ఫైళ్ళు తేల్చిన ఇన్‌స్పెక్టర్‌గారిని అభినందిస్తూ, మిగతా ఇన్‌స్పెక్టర్లంతా ఇక మీదట ఆయన పద్ధతినే పాటించాలని అందులో ఉంది. ఆ పద్ధతి ఏమిటో మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయమని దానికి జతగా ఇన్‌స్పెక్టర్‌గారికి ఒక మెమో కూడా ఉంది.