శేషం సున్నా

ఆ ఆదివారం ఉదయం యేసుపాదం ఒక్క పనే పెట్టుకున్నాడు. సాయంత్రం రైలు వచ్చేలోగా దేవుని చిత్తం తెలుసుకోవాలి. ఆ రైల్లో జోసెఫ్ తల్లి విశాఖ నుంచి కిరండూల్ వస్తోంది. తన కూతురు కృపారాణిని జోసెఫ్‌కి ఇచ్చేదీ లేనిదీ యేసుపాదం ఆమెకు చెప్పాలి. కుర్రాడు రైల్వే ఉద్యోగి, నెమ్మదస్తుడు. వేరే చర్చి సంఘంవాడు, అదొక్కటే ముల్లు.

బడిలో లెక్కలు చెప్పే కృపారాణి తండ్రి ముందు ఒక కాగితం పెట్టింది. ఏడు పరిశుద్ధమైన సంఖ్య అని ఆయనే ఎప్పుడూ అంటుంటాడు.

"పాటల పుస్తకంలో నీకిష్టమైన పాట నంబరు, మూడంకెలది, రాయి నాన్నా. పక్కనే మళ్లీ అదే రాయి. ఒకటి నాకు, ఒకటి జోసెఫ్‌కి. ఏడుతో భాగించు. ఏటీ మిగలకపోతే దేవుడు ఒప్పుకున్నట్టే."

యేసుపాదం ప్రార్థన చేసుకుని, తన పెళ్లిలో పాడిన 214వ కీర్తన నంబరును రెండుసార్లు రాశాడు. 2,14,214. ఏడుతో భాగిస్తే 30,602 వచ్చింది. శేషం సున్నా. ఆయన కళ్లు చెమర్చాయి. కాగితాన్ని కూతురు తీసేయబోయింది. ఆయన మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మేలు పొందినవాడు సాక్ష్యం చెప్పకుండా ఎలా ఉంటాడు? ఆరాధనలో లేచి నిలబడి అంతా చెప్పాడు. ఆశీర్వాదం కాగానే జనం పాటల పుస్తకాలతో ఆయన చుట్టూ చేరారు. ఒకరికి బదిలీ కావాలి, ఇంకొకరికి అసలు బదిలీ వద్దు. అందరికీ శేషం సున్నాయే వచ్చింది. చర్చికి కొత్త వాకిలి రోడ్డు వైపు పెట్టాలని రైల్వేవాళ్లూ, కొండ వైపు పెట్టాలని గనివాళ్లూ ఏడాదిగా వాదించుకుంటున్నారు. రెండు పక్షాలూ చెరొక నంబరు రాసి భాగించాయి. దేవుడు ఇద్దరికీ ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికల్లా రెండు గోడలకూ కన్నాలు పడ్డాయి.

సంఘంలో పెద్దావిడ దేవుడమ్మ ఇదంతా చూసి నెమ్మదిగా దగ్గరికి వచ్చింది.

"యేసుపాదం బాబూ, ఈ లెక్క అన్నిటికీ సరేనంతంది గదా. ఆ మృగం నంబరు కూడా ఓపాలి రాసి సూడు."

బైబిల్లోని ప్రకటన గ్రంథంలో దేవుని శత్రువైన మృగం సంఖ్య 666. ఆయన 6,66,666 రాసి భాగించాడు. 95,238. శేషం సున్నా.

గునపాల చప్పుడు ఆగిపోయింది.

ఇంట్లో కృపారాణి ఏమీ దాచలేదు. మూడంకెల సంఖ్యను పక్కపక్కన రెండుసార్లు రాయడమంటే దాన్ని వెయ్యిన్నొకటితో గుణించడమే. వెయ్యిన్నొకటిని ఏడు నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి ఎవరు ఏది రాసినా ఏమీ మిగలదు.

యేసుపాదం బైబిల్లోని కాగితాన్ని బయటికి తీశాడు.

"అయితే దేవుడు ఔననలేదన్నమాట."

"కాదనీ అనలేదు నాన్నా."

"మరి నేనెవర్నడగాలి?"

"నన్నడగొచ్చు గదా. ఇన్నాళ్లూ ఓపాలైనా అడగలేదు."

ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. సాయంత్రం స్టేషన్లో జోసెఫ్ తల్లి సంచిని యేసుపాదమే మోసుకొచ్చాడు.

పెళ్లినాటికి చర్చికి రెండు వాకిళ్లు ఉన్నాయి. రెండు సంఘాలవాళ్లూ చెరొకదానిలోంచి లోపలికి వచ్చారు.