చూడదగినవి, కూల్చదగినవి

నగర ప్రజలకు శుభవార్త. చారిత్రక కట్టడాల సందర్శన యాత్ర వచ్చే సోమవారం ప్రారంభమవుతుందని పురపాలక కార్యాలయం సగర్వంగా ప్రకటించింది. యాత్ర సజావుగా సాగితే, పద్దెనిమిదేళ్ళుగా తాత్కాలికంగా వేలాడుతున్న గైడుగారి ఉద్యోగం ఖాయం చేస్తామని అధికారి సెలవిచ్చారు. పిచ్చి మారాజు, గైడుగారు పొంగిపోయి కట్టడాల జాబితా రాసిచ్చారు. అందులో చివరిది గడియార స్తంభం. ఆయన తండ్రి ముప్ఫయ్యేళ్ళు ఆ గడియారానికి కీ ఇచ్చాడు. దాన్ని చూపిస్తూనే కొడుక్కి అంకెలు నేర్పాడు.

కార్యాలయంలో రెండు విభాగాలున్నాయి. చూడదగినవాటి జాబితా ఒకరిది, కూల్చదగినవాటిది ఇంకొకరిది. రెండింటికీ అర్హత ఒక్కటే, పాతబడటం. పేర్లన్నీ అవే కనిపించేసరికి టైపిస్టమ్మ కాగితం పొదుపు చేసి, "చూడదగిన మరియు కూల్చదగిన కట్టడాలు" అని ఒకే శీర్షిక, ఒకే తేదీ కొట్టేసింది. ఆమె పొదుపును కొనియాడుతూ అధికారి సంతకం చేశారు.

గైడుగారు లబోదిబోమంటూ పరిగెత్తారు. "అయ్యా, ఘోరం! చూపించేవాటినే కూలుస్తారా?"

"ముందు చూపించాకే కదయ్యా కూల్చేది! వరుస తప్పితే అడుగు," అన్నారు అధికారి. "ఈ కాగితం రద్దయితే యాత్రా రద్దే, నీ ఉద్యోగమూ రద్దే. ఆలోచించుకో."

ఇంటికెళ్ళి చెబితే భార్య కస్సుమంది. "రాళ్ళు మనకి అన్నం పెడతాయా? మీరు నోరు విప్పారంటే నేనూరుకోను!"

"నోరు విప్పడమే కదే నా ఉద్యోగం!"

"అయితే జీతమిచ్చే చోట విప్పండి."

సోమవారం బస్సు బయల్దేరింది, వెనకే బుల్డోజరు. కోట గుమ్మం దగ్గర గైడుగారు మూడు శతాబ్దాల చరిత్ర చెబుతుంటే ఒక్కరూ సీట్లోంచి కదల్లేదు. గుమ్మం కూలడం మొదలవగానే ఫోన్లు పట్టుకుని అందరూ బిలబిలా దిగారు. మధ్యాహ్నానికి రెండో బస్సు కూడా నిండింది. ప్రజల్లో చరిత్రపై ఇంత ఆసక్తి ఉందని అధికారి కూడా ఊహించలేదు.

చివరికి గడియార స్తంభం వంతు వచ్చింది. ఒక్క పోటుకే కూలింది. గంటల ముల్లు వచ్చి గైడుగారి కాళ్ళ దగ్గర పడింది. "నాన్నా..." అంటూ ఆయన నడిరోడ్డు మీద బావురుమన్నారు.

చప్పట్లు మారుమోగాయి. ముందువరసలోని ఒకావిడ ఫోను సర్దుకుంటూ అడిగింది: "గైడుగారూ, రికార్డవలేదండీ. ఇంకొక్కసారి ఏడవరూ?"

ఉద్యోగం ఖాయం చేసిన ఉత్తర్వు పట్టుకుని అధికారి పక్కనే నిలబడ్డారు. గైడుగారు ఉత్తర్వు వైపు చూసి, మళ్ళీ ఏడ్చారు. మొదటిసారికన్నా సహజంగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.