బుజ్జమ్మ బరువు

ఆ రోజు పొద్దున భార్గవి చేయవలసిన పనులు ఇవి. అంగన్‌వాడీ సెంటర్ తాళం తీయాలి. గుడ్లు ఉడకబెట్టాలి. పిల్లల్ని పేరుపేరునా పిలవాలి, రానివాళ్లను ఇంటికి పోయి చంకనేసుకుని రావాలి. బరువులు చూడాలి. తూకం ముల్లు స్పష్టంగా కనబడేటట్టు ఫోటో తీయాలి. ఊరి పక్కనున్న గుట్టెక్కి, సిగ్నల్ దొరికిన రాయి మీద నిలబడి, ఆ ఫోటోను సెక్టార్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇవన్నీ పైనుంచి వచ్చిన పనులు. పైవాళ్లెవరూ చెప్పని పని ఇంకొకటుంది. అన్నిటికంటే ముందు బుజ్జమ్మను తూకం వేయాలి.

బుజ్జమ్మ పిల్లి. సెంటర్‌లో ఆయమ్మగా పనిచేసే కొండమ్మ దాన్ని కళ్లు తెరవనప్పటి నుంచి సాకింది. కొండమ్మకు భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్నది బుజ్జమ్మ ఒక్కతే. అది మూడు రోజులుగా ఏమీ తినడం లేదు. వెన్నెముక పైకి తేలింది. కొండమ్మ తన అన్నం తెచ్చి దాని ముందు పెట్టి, "తినవే తల్లీ, ఒక్క ముద్ద తినవే," అని బతిమాలుతుంటే, అది దగ్గరికొచ్చి వాసన చూసి మొహం తిప్పుకుంటుంది.

టేకులపల్లి పశువుల దవాఖానాలో తుల్సీరాం అనే ఆయన ఉన్నాడు. ముందురోజు భార్గవి గుట్టెక్కి ఆయనకు ఫోన్ చేసింది.

"బరువెంతో తెల్వకుండ మందెట్ల చెప్పాలె టీచరమ్మా? గేదెకిచ్చేటంత ఇస్తే పిల్లి మిగల్దు. తూకమేసి ఫోటో పెట్టుండ్రి," అన్నాడు.

ఇప్పల గుంపు అనే ఆ ఊళ్లో తూకమంటే సెంటర్‌లో దూలానికి వేలాడే పసిపిల్లల తూకమే. పిల్లలు రాకముందే భార్గవి, కొండమ్మ కలిసి బుజ్జమ్మను జోలెలో వేశారు. ముల్లు రెండు కిలోలు దాటి కొంచెం వణికి ఆగిపోయింది. భార్గవి వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. అందుకని పద్ధతిగా ముల్లు ఒక్కటే కనబడేటట్టు ఫోటో తీసింది. గుట్టెక్కింది. ఆయాసపడుతూనే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట రికార్డు చేసింది.

"నమస్తే సార్, బుజ్జమ్మ బరువు పెట్టిన, చూడుండ్రి. మూడు రోజుల సంది ఏం తింటలేదు. పాలు పోస్తే మొఖం తిప్పుకుంటుంది. ఎముకలు తేలినయ్. ఏం చేయమంటరో జల్దీ చెప్పుండ్రి సార్, మాకు భయమైతుంది."

ఏడాదిగా తూకం ఫోటో అనగానే ఆమె వేలు ఫోన్‌లో ఒక్కచోటికే పోతుంది. ఆ రోజూ అక్కడికే పోయింది. ఫోటో, మాట రెండూ తుల్సీరాంకు కాక సెక్టార్ గ్రూపుకు వెళ్లాయి. ఆ గ్రూపులో సెక్టార్‌లోని టీచర్లందరూ ఉన్నారు, డాక్టర్ సార్ ఉన్నాడు, అందరి మీదా సూపర్‌వైజర్ ప్రమీల మేడమ్ ఉంది. భార్గవి ఫోన్ జేబులో వేసుకుని గుట్ట దిగింది. దిగుతూనే సిగ్నల్ పోయింది.

పిల్లలు వచ్చారు. గుడ్లు ఉడికాయి. సగంమంది పచ్చసొన తిని తెల్లది పక్కవాడి పళ్లెంలో పడేస్తున్న సమయంలో, వాగు వైపు నుంచి కుయ్యోమని మోత వినబడింది. పిల్లలు తిండి వదిలి వాకిట్లోకి పరిగెత్తారు. ఇప్పల గుంపుకు అంబులెన్స్ రావడం వాళ్లెవరూ చూడలేదు. వాగు దాటదని డ్రైవర్లు అవతలే ఆపేస్తారు.

ఇది దాటింది. ఊరి పెద్దమనిషి రామన్న, ఆయనతో పాటు పొలాలకు పోతున్న పదిమంది వెనక నుంచి తోసుకుంటూ వస్తున్నారు. అందరికీ మోకాళ్ల దాకా బురద. డ్రైవర్ అజారుద్దీన్ తల బయటపెట్టి, "ఇంకొంచెం, ఇంకొంచెం! పసిపాణం కాకా, ఆపొద్దు!" అని అరుస్తున్నాడు. ముందు సీట్లోంచి ప్రమీల మేడమ్ దిగింది. ఆమె సెంటర్‌కు వచ్చిందంటే టీచర్ల గొంతు తడారిపోతుంది. ఇవాళ ఆమె గొంతే తడారిపోయి ఉంది.

"బుజ్జమ్మ ఎక్కడ?" అంది గుమ్మంలోనే.

చీపురు పట్టుకుని నిలబడ్డ కొండమ్మకు కళ్లు చెమర్చాయి. తన పిల్లి కోసం ఇంత పెద్ద మేడమ్ వచ్చింది!

"ఈడనే ఏడనో పండుకున్నది మేడమ్. లేవలేకపోతంది."

"తల్లి ఏదీ?"

"తల్లి ఎప్పుడో పోయింది మేడమ్. కుక్కలు పడి చంపినయ్."

ప్రమీల మేడమ్ గోడ పట్టుకుంది. రామన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. మన ఊళ్లో ఇంత ఘోరం ఎప్పుడు జరిగిందా అని ఆయన అందరి మొహాలూ చూస్తున్నాడు.

"మరి... తండ్రి?"

"తండ్రి ఎవడో ఎవలకెరుక? వాడొక తిరుగుబోతోడు. ఊరూరికి నలుగుర్ని కన్నడు."

లోపలి నుంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చిన భార్గవికి అప్పుడు అర్థమైంది. జేబులోని ఫోన్ నిప్పులా కాలినట్టనిపించింది. "మేడమ్, అదీ... మీరనుకునే..."

"మీరాగండి టీచర్! రెండు కిలోల పాపను మీ సర్వేలో ఎందుకు ఎక్కించలేదో తర్వాత అడుగుతాను," అంది మేడమ్. మళ్లీ కొండమ్మ వైపు తిరిగింది. "ఎవరు సాకుతున్నారు? ఎక్కడ పడుకోబెడుతున్నారు?"

"నేనే మేడమ్. పండుకునేది బియ్యం బస్తాల మీద. మెత్తగుంటదని."

"బస్తాల మీదనా! పాలు ఎట్లా పడుతున్నారు?"

"గిన్నెల పోస్తే నాకుతుండె. ఇప్పుడు అదీ లేదు. గీడ ఎలుకలు ముందల నుంచే ఉరుకుతున్నయ్, ఒక్కదాన్నన్న ముట్టలే మేడమ్, మూడు దినాల సంది!"

వాకిట్లో పిల్లలు నోట్లో గుడ్డు నమలడం ఆపారు.

"పిల్లా?" అంది ప్రమీల మేడమ్ మెల్లగా.

"పిల్లి మేడమ్," అంది భార్గవి. "మీరు రాసే మెమోకు జవాబు ఇస్తాను మేడమ్. తప్పు నాదే. పొరపాటున గ్రూపులో..." ఈ ఉద్యోగం పోతే ఇంటికి పోయి ఏం చెప్పాలన్న దిగులు ఆమెకు ఆ క్షణంలోనే పట్టుకుంది, కానీ దాని గురించి ఆలోచించే టైం కాదిది.

"పిల్లి కోసమా మేం బురదల దిగింది?" అన్నాడు రామన్న.

"అవ్, దాని కోసమే. ఏం, అది ఊరిది కాదా?" అని కొండమ్మ ఆయన మీదికి లేచింది. "మీ వడ్ల గుమ్మిల ఎలుకల్ని పట్టినప్పుడు లేదా గీ లెక్క?"

అజారుద్దీన్ చేతిలో కాగితాల అట్ట పట్టుకుని ముందుకొచ్చాడు. అతని బాధ వేరు.

"మేడమ్, ట్రిప్ షీట్ల పేషెంట్ పేరేం రాయాలె?"

"బుజ్జమ్మ," అంది కొండమ్మ.

"వయసు?"

"మూడేండ్లు."

"భర్త పేరు?"

"తెల్వదని రాయి," అన్నాడు రామన్న. "నలుగురున్నరు."

ప్రమీల మేడమ్ నవ్వలేదు. వాచీ చూసుకుంది. బురద పట్టిన చెప్పులు చూసుకుంది. "సరే," అంది. "ఇంతదూరం వచ్చి కేసు చూడకుండా పోతే టూర్ డైరీలో ఏం రాసుకోను? తెండి దాన్ని. పిల్లయినా పిల్లి అయినా బరువు తగ్గితే చేసేది ఒక్కటే, ఆకలి పరీక్ష."

తేవడానికి అది బస్తాల మీద లేదు. సైరన్ మోతకు ఎక్కడికో పారిపోయింది. ఊరంతా వెతకడం మొదలుపెట్టింది. రామన్న గడ్డివాము తిరగేశాడు. ఆడవాళ్లు అటకలెక్కారు. పిల్లలు "మ్యావ్, మ్యావ్" అని అరుస్తూ పరిగెడుతుంటే ఏది పిల్లో ఏది పిల్లలో తెలియకుండా పోయింది. కొండమ్మ ప్రతి ఇంటి వెనకా వంగి చూసి, నడుం పట్టుకుని, మళ్లీ ముందుకు నడుస్తోంది. "అది ఈడనే సచ్చిపోయింటది. నాకు చెప్పకుండ సచ్చిపోయింటది," అని ఏడుస్తోంది. భార్గవి మెమో సంగతి మర్చిపోయింది. ఆ పిల్లి బతికి కనబడితే చాలుననిపించింది.

"మేడమ్!" అజారుద్దీన్ కేక వేశాడు. "మీ పేషెంట్ మా బండిల ఉన్నది. స్ట్రెచర్ మీద. ఎవరు చెప్పకుండనే అడ్మిట్ అయ్యింది."

బుజ్జమ్మ తెల్లదుప్పటి మీద, తలదిండుకు తల ఆనించి పడుకుని ఉంది.

పరీక్ష అక్కడే జరిగింది. ప్రమీల మేడమ్ ఉడికిన గుడ్డు పచ్చసొనను పాలల్లో మెత్తగా కలిపించింది. "బలవంతం చేయొద్దు. ముందు పెట్టి దూరం జరగండి. అదే వచ్చి తినాలి," అని పసిపిల్లల తల్లులకు చెప్పినట్టే చెప్పింది. ఊరంతా బండి తలుపు దగ్గర మూగింది. బుజ్జమ్మ లేచింది. గిన్నె దగ్గరికి వచ్చింది. నాలుక చాపి ఒకసారి నాకింది. వెంటనే ముందుకాలితో మూతి మీద రెండు దెబ్బలు కొట్టుకుని వెనక్కి జరిగింది.

"అయ్యో, మళ్ల అట్లనే," అంది కొండమ్మ.

"ఆగండి," అంది మేడమ్. "దీనికి ఆకలి ఉంది. ఆకలి లేనిది గిన్నె దాకా రాదు. తినాలని ఉండి తినలేకపోతోంది. టీచర్, తువ్వాల వేసి పట్టుకోండి. టార్చ్ ఎవరి దగ్గరుంది?"

భార్గవి తువ్వాలలో చుట్టి గట్టిగా పట్టుకుంది. అజారుద్దీన్ టార్చ్ వేశాడు. మేడమ్ దవడలు తెరిచి చూసింది. వెనక పళ్ల మధ్య అడ్డంగా, తెల్లగా ఏదో ఉంది.

"ముల్లు!" అంది భార్గవి. ఆ కేకకు బయట ఉన్నవాళ్లందరూ "ముల్లంట! ముల్లంట!" అని వెనకవాళ్లకు చెప్పారు.

"జెల్ల చేప ముల్లు," అన్నాడు రామన్న తల గోక్కుంటూ. "మొన్న వాగుల పట్టిన చేప తలకాయ నేనే ఏసిన దానికి."

బండిలోని పట్టుకారుతో మేడమ్ ముల్లు లాగింది. బుజ్జమ్మ ఆమె మణికట్టు మీద మూడు గీతలు గీసి కిందికి దూకింది. అందరూ అది పారిపోయిందనుకున్నారు. పారిపోలేదు. గిన్నెలో మూతి పెట్టింది. నాకింది, నమిలింది, గిన్నెను బండి గోడ దాకా నెట్టుకుపోయి మరీ నాకింది. పిల్లలు గంతులేశారు. రామన్న తలపాగా గాల్లోకి విసిరాడు. భార్గవి ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. "పెద్దమ్మా, తింటుంది! చూడు, తింటుంది!" అని వెనక్కి తిరిగింది.

కొండమ్మ నిలబడి లేదు. బండి చక్రానికి ఆనుకుని కూలబడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఏం లేదు బిడ్డా. కండ్లు తిరిగినయ్, అంతే."

ప్రమీల మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. "ఏం తిన్నావు పొద్దున?"

కొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"రాత్రి?"

"అది తినకుండ నాకెట్ల మింగుడువడ్తది మేడమ్?" అంది కొండమ్మ, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు.

భార్గవి ఏడాదిగా ఊళ్లో ప్రతి పిల్లనూ తూచింది, గర్భిణులను తూచింది, ఆఖరుకు పిల్లినీ తూచింది. పిల్లల్ని ఎత్తి జోలెలో వేసే చేతులను మాత్రం ఎప్పుడూ చూడలేదు. కొండమ్మ తన అన్నం తెచ్చి పిల్లి ముందు పెడుతుంటే పిల్లినే చూసింది.

రెండో ఆకలి పరీక్ష సెంటర్ అరుగు మీద జరిగింది. అన్నం, పప్పు, రెండు గుడ్లు. మళ్లీ అదే నియమం: బలవంతం చేయొద్దు, ముందు పెట్టి దూరం జరగాలి. కొండమ్మ మొదటి ముద్ద సిగ్గుపడుతూ తింది. రెండోది చుట్టూ చూడకుండా తింది. ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు.

"పాస్," అంది ప్రమీల మేడమ్. అప్పుడు నవ్వింది. "అయినా దవాఖానాలో చూపిద్దాం. అజారుద్దీన్, ట్రిప్ షీట్లో పేరు దిద్దు."

"భర్త పేరు?" అన్నాడతను భయంభయంగా.

"ఉండె," అంది కొండమ్మ. "జంపయ్య. మంచోడు."

బండి మళ్లీ వాగు దాటింది. రామన్న మనుషులే తోశారు, ఈసారి ఎవరూ గొణగలేదు. కొండమ్మ స్ట్రెచర్ మీద పడుకోనంటే పడుకోనని, బుజ్జమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుని పోయింది. మెమో రాలేదు. సాయంత్రం భార్గవి మళ్లీ గుట్టెక్కితే గ్రూపు నిండా ఒకటే ప్రశ్న, పాప ఎట్లుంది, పాప ఎట్లుందని. వాటికింద మేడమ్ పెట్టిన ఆర్డరు ఒకటి ఉంది: వచ్చే వారం నుంచి అన్ని సెంటర్లలో ఆయమ్మల బరువు కూడా చూడాలి.

కాబట్టి మీరు ఎప్పుడైనా ఏ సెంటర్ ముందు నుంచి పోయినా, లోపల పిల్లలకు ముద్దలు కలుపుతున్న మనిషి కనబడితే కొండమ్మను ఒకసారి యాదిచేసుకోండి, "నువ్వు తిన్నవా?" అని ఒక్కమాట అడగండి. బుజ్జమ్మ గురించి బెంగ అక్కర్లేదు. ఇప్పుడది ఎలుక వెంట పరిగెత్తలేనంత బొద్దుగా ఉంది.