ఆలూరులో తొంభై రోజుల జర్మన్

ఆలూరు గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, రేపు ఉదయం ఆరు గంటల నుంచి తొంభై రోజుల పాటు ఊళ్లో ఎవరూ తెలుగు మాట్లాడరాదు.

డప్పు కొట్టి మరీ చాటింపు వేశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది రెండు వేల సంవత్సరం. సాఫ్ట్‌వేర్ కోసం జనం ఇంతకంటే పెద్ద పనులే చేస్తున్నారు.

కారణం అరుణశ్రీ. చేవెళ్లలో డిగ్రీ పాసైన ఈ అమ్మాయికి హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూ కాగితం పంపింది. జర్మనీ నుంచి వచ్చే ఫోన్లు ఎత్తే ఉద్యోగం. జర్మన్ నేర్చుకోవడానికి గడువు మూడు నెలలు. అరుణశ్రీని పెంచి చదివించింది అమ్మమ్మ సక్కుబాయి. డెబ్బై ఏళ్లు వచ్చినా ఇంకా టమాట తోటలకు కూలికి పోతోంది. మనవరాలికి ఉద్యోగం వస్తే ఆ నడుముకు విశ్రాంతి. రాకపోతే తోటకు ఇద్దరూ పోతారు.

రిటైర్డ్ హెడ్మాస్టరు బాలప్ప వెంటనే రంగంలోకి దిగారు. మొయినాబాద్ వెళ్లి "విదేశీ భాష: ఉత్తమ అధ్యయన అలవాట్లు" మొదటి సంపుటం కొనుక్కొచ్చారు. రెండు వందల పన్నెండు పేజీలు. అన్నీ అలవాట్లే.

"ఇండ్ల జర్మన్ మాటలు ఏడున్నయి సారూ?" అంది సక్కుబాయి.

"రెండో సంపుటంల ఉన్నయవ్వా. అది అచ్చుల ఉన్నది. అంత తొందరేంది?" అని ఆయన పంచాయతీ అరుగెక్కారు. "సోదరులారా! భాష ముఖ్యం కాదు, అలవాటు ముఖ్యం! సొంత భాష చెవిన పడుతుంటే పరాయి భాష లోపలికి రాదని మూడో అధ్యాయం ఘోషిస్తున్నది. ఆ బిడ్డ కోసం ఊరు ఊరంతా నోరు కట్టుకోవాలె!"

చప్పట్లు మోగాయి. ఊరు నోరు కట్టుకుంది.

తెలుగు పోయింది. జర్మన్ రాలేదు. ఆ మధ్యలో ఆలూరు సాధించిన అభివృద్ధి అపారం. గ్రామసభ నాలుగు నిమిషాల్లో ఏకగ్రీవంగా ముగిసింది. రెండు పెళ్లి సంబంధాలు తలలూపడంతోనే ఖాయమయ్యాయి. వస్తువులన్నిటికీ పేర్లు రాసి అంటించాలన్న తొమ్మిదో అలవాటును తు.చ. తప్పక పాటించారు. మాటలు ఇంకా అచ్చులోనే ఉన్నాయి కనుక చీటీలు ఖాళీగా అంటించారు. తలుపుకు ఒకటి, రోలుకు ఒకటి, బర్రె నుదుటికి ఒకటి.

అయితే మనిషన్నాక తిట్టాలి కదా. ఆ లోటును షేర్ ఆటో నాగేందర్ తీర్చాడు. చిన్న తగాదాలకు చేవెళ్ల, భూమి తగాదాలకు మొయినాబాద్. జనం మూగగా ఎక్కేవారు. ఆపుకోలేక ఎవరో ఒకరు ముందే అందుకునేవారు.

"నా గట్టెందుకు దున్నినవ్‌రా?"

"జర ఆగన్నా," అని చెవిలో ఊదేవాడు నాగేందర్. "ఊరి బోర్డు దాటనియ్యి."

బోర్డు దాటగానే ఆటో పేలేది. తిరుగు ప్రయాణంలో అదే బోర్డు దగ్గర, తిట్టు సగంలో ఉండగా, అందరూ నోళ్లు మూసుకునేవారు. మిగతా సగం మర్నాటికి.

అరుణశ్రీకి మాత్రం ఆటో ఎక్కే అనుమతి లేదు. మొదటి నెల అద్దంతో గుసగుసలాడింది. రెండో నెల పెదవులు కదిపింది. మూడో నెల తల ఊపడమే మిగిలింది.

తొంభై ఒకటో రోజు వచ్చింది. రెండో సంపుటం రాలేదు.

కంపెనీ గేటు బయట సక్కుబాయి టిఫిన్ డబ్బాతో కూర్చుంది. లోపల అరుణశ్రీ చెవులకు ఫోన్ తగిలించారు. అవతల ఒక జర్మన్ పెద్దమనిషి. అతని ప్రింటరు చెడిపోయింది. అరిచాడు. అరుణశ్రీ తల ఊపింది. ఇంకా అరిచాడు. ఇంకా ఊపింది. నలభై రెండు నిమిషాల తర్వాత ఆయన అరవడం మానేశాడు. ఏడ్చాడు. ప్రింటరు సంగతి వదిలేసి, తన జీవితంలో ఇంత శ్రద్ధగా విన్న మనిషి లేదని చెప్పి పెట్టేశాడు.

ఇంటర్వ్యూకి వచ్చిన మిగతా పదకొండు మందికి జర్మన్ వచ్చు. వాళ్లంతా మధ్యలో మాట్లాడారు. ఉద్యోగం అరుణశ్రీదే. ఫిర్యాదుల విభాగం.

బాలప్ప గారికి ఊళ్లో పూలదండ పడింది. సక్కుబాయి కూలి మానేసింది. ప్రతి ఆదివారం ఎస్టీడీ బూత్‌కు పోయి మనవరాలితో మాట్లాడుతుంది.

"తిన్నవా బిడ్డా? పాణం మంచిగున్నదా? ఏమన్న మాట్లాడరాదే!"

అవతల అరుణశ్రీ శ్రద్ధగా తల ఊపుతుంది. బిల్లు మాత్రం వస్తుంది.

పద్ధతి ఇప్పుడు ఆలూరు దాటి చాలా దూరం పోయింది. రేపు మీరు ఫిర్యాదు కాగితం పట్టుకుని ఏ కౌంటర్ దగ్గరికైనా వెళ్లండి. అవతలి మనిషి మీ గోడు మొత్తం వింటాడు. తల ఊపుతాడు. నోరు విప్పడు. మీరు కూడా చల్లబడి, దండం పెట్టి ఇంటికి వస్తారు. ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆయన జర్మన్ నేర్చుకుంటున్నాడు. రెండో సంపుటం రానివ్వండి.