పొగకు పోయినవాళ్ల అభిప్రాయం

గంగడపాలెంలో అణువిద్యుత్ కేంద్రం పెట్టడంపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు, బొగ్గు పొగతో చనిపోయినవాళ్లు పొద్దున్నే వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. స్థానికులే కాబట్టి వాళ్లకీ మాట్లాడే హక్కు ఉందని అధికారులు ఒప్పుకున్నారు. షామియానాలో వాళ్ల వైపు ఫ్యాన్లు కూడా పెట్టించారు. మంచినీళ్ల ప్యాకెట్లు మాత్రం బతికున్నవాళ్లకే అన్నారు. దానిమీద కాస్త గొడవ జరిగి సర్దుకుంది.

పైడమ్మ భర్త సూరన్న రెండో వరుసలో ఉన్నాడు. థర్మల్ కేంద్రం పొగగొట్టం పక్కనున్న పాకలో వలలు అల్లుకుంటూ, దగ్గి దగ్గి పోయిన మనిషి. పైడమ్మ వెళ్లి అతని పక్కన నిలబడింది.

"తిన్నావా మావా?"

"ఆకలి నేదే. దగ్గే తగ్గనేదు."

ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. కూతురు సత్తెవతికి నెలలు నిండాయి. వారం నుంచి ఆ పిల్లకీ ఆయాసం మొదలైంది. పైడమ్మ లేస్తోంది, ఆడ కానిస్టేబులు కూర్చోబెడుతోంది, మళ్లీ లేస్తోంది. చివరికి విసుగొచ్చి మైకు ఆమె చేతికే ఇచ్చేశారు.

"ఈ పొగ నా మొగుణ్ణి తినీసింది. రేపు నా కూతుర్ని తినీస్తాది. మీరు పెడతామన్నది ఎంతమందిని తింటాదో అది సెప్పండి సాలు."

అణుకేంద్రం తరఫున వచ్చిన శాస్త్రవేత్త హైమవతి లేచింది. "ప్రమాదాల్లో పోయినవాళ్లను కలుపుకున్నా, అంతే కరెంటుకి బొగ్గు తీసే ప్రాణాలతో పోలిస్తే చాలా చాలా తక్కువమ్మా," అంది.

సభ ఒక్కసారిగా భగ్గుమంది. "తక్కువంటే? అసలు ఉండరని సెప్పగలరా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. చెప్పలేనని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చనిపోయినవాళ్లే. కొడుతున్నప్పుడు వాళ్ల చేతుల్లోంచి బూడిద రాలింది.

తరువాత సూరన్న మాట్లాడాడు. "నాకు బయ్యంగా ఉంది బాబూ. అది పేలితే మా గతేటి?"

పైడమ్మ అతని చొక్కా పట్టుకు లాగింది. "సచ్చినోడివి, నీకింకా బయ్యమేటి మావా?"

"పొగంటే తెలిసిందే కదే. తెలిసిన దానితో పోతే మనసుకి నెమ్మది."

సభకు అధ్యక్షత వహించిన అధికారి విశ్వేశ్వరరావు ఈ మాట రాసుకోమని గుమాస్తాకు చెప్పాడు. పైడమ్మ ఇంకా మైకు వదలలేదు. "మరి ఈళ్లందరూ సచ్చిపోనారు కదండీ, ఈళ్ల లెక్క?" అని అడిగింది. ఆయన ఓపిగ్గా వివరించాడు. ఒకే రోజు అందరూ పోతే అది ప్రమాదం, దానికి విచారణ ఉంటుంది. ఇలా రోజుకొకరు, ఎవరి మంచం మీద వాళ్లు పోతే మామూలు మరణం. మామూలుకి విచారణ వేస్తే ఆఫీసులు నడవవు. చనిపోయినవాళ్లు న్యాయమేనన్నట్టు తలలూపారు.

అణుకేంద్రం వద్దని సభ తీర్మానించింది. కరెంటు మాత్రం కావాలి కనుక, ఉన్న థర్మల్ కేంద్రానికే మూడో పొగగొట్టం కడతారని అధికారి ప్రకటించాడు. అది ఊరికి కొత్త కాదు కాబట్టి మళ్లీ అభిప్రాయం అడగక్కర్లేదన్నాడు. జనం గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. కొందరికి వెంటనే దగ్గొచ్చింది.

చీకటి పడకముందే చనిపోయినవాళ్లు వెళ్లిపోవాలని అధికారులు అన్నారు. పైడమ్మ భర్తను శ్మశానం మలుపుదాకా సాగనంపింది. దారిలో ఆమెకు దగ్గు తెర వచ్చి చాలాసేపు ఆగలేదు. సూరన్న ఆమె వీపు నిమిరాడు. ఆ దగ్గు అతనికి బాగా ఎరుకే.

"ఎప్పుడొస్తావే?" అన్నాడు.

"సత్తెవతి పురుడవ్వనీ. పుట్టిన గుంటనో గుంటణ్ణో ఓపాలి ఎత్తుకుని వొచ్చీస్తాను."

"బేగి రా. మూడో గొట్టం ఎలిగించీసినాక వల్లకాట్లో జాగా దొరకదు."

పైడమ్మ సరేనంది.