దెబ్బ తిన్న హెల్మెట్‌కు తాయెత్తు

పగిలిన హెల్మెట్‌ను మించిన హెల్మెట్ ఈ ప్రపంచంలో లేదు!

నవ్వకండి. పూర్తి స్పృహలో ఉండే ఈ మాట రాస్తున్నాను. నా తలకు ఈ మధ్య ఏ దెబ్బా తగల్లేదు.

కొత్త హెల్మెట్‌కు ఏం అనుభవం ఉంది చెప్పండి? నిన్న డబ్బాలోంచి బయటికొచ్చింది. రోడ్డు చూడలేదు, గుంత చూడలేదు, అడ్డంగా పరుగెత్తే మేకపిల్లను చూడలేదు. అలాంటి పసిదానికి తల అప్పగిస్తామా? అదే ఒకసారి కిందపడి, పగులుబారి, అయినా రెండు ముక్కలు కాకుండా నిలబడిన హెల్మెట్ ఉందనుకోండి. దానికి సర్వీసు ఉంది, గాయం ఉంది, ఊళ్లో పేరు కూడా ఉంది. దాన్ని చెత్తబండిలో వేయమనడానికి నోరెలా వస్తుంది?

దెబ్బ తగిలితే హెల్మెట్ మార్చాలట. కొన్నేళ్లు దాటితే దెబ్బ తగలకపోయినా మార్చాలట. ఎవరు చెప్పారండీ? హెల్మెట్ డబ్బాలో మడతపెట్టి ఉండే ఆ చిన్న కాగితం! దాన్ని విప్పి చదివిన మనిషి మా వనపర్తిలో ఇంకా పుట్టలేదు. హెల్మెట్ ఏమన్నా పాల ప్యాకెట్టా, తేదీ దాటగానే విరిగిపోవడానికి?

సరే, మార్చడం సంగతి తర్వాత. అసలు మనం హెల్మెట్‌ను ఎంచుకునే పద్ధతి ఎంత శాస్త్రీయమైనదో ముందు చూడండి.

పెబ్బేరు సంతలో ఎద్దును కొనే మనిషిని ఎప్పుడైనా గమనించారా? నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. గిట్టలు ఎత్తి చూస్తాడు. మూపురం నిమురుతాడు. అటూ ఇటూ నడిపిస్తాడు. అప్పటికీ అనుమానం తీరక బావమరిదిని పిలిపిస్తాడు. ఇద్దరూ కలిసి మళ్లీ పళ్లు చూస్తారు. అంతటి పరీక్షకుడు సంత నుంచి తిరిగొస్తూ, హైవే పక్కన తాడుకు వేలాడే హెల్మెట్ల ముందు బండి ఆపుతాడు. ఇంజన్ కూడా బంద్ చేయడు. "నల్లది ఉన్నదా?" అంటాడు.

పరీక్ష అయిపోయింది! ఎద్దుకు పళ్లుండాలి. హెల్మెట్‌కు రంగుంటే చాలు. పెట్రోల్ ట్యాంకు నలుపైతే హెల్మెట్ నలుపు, ట్యాంకు ఎరుపైతే హెల్మెట్ ఎరుపు. లోపల తల ఏ రంగులో ఉన్నా ఫరవాలేదు.

ఆ తాళ్ల దుకాణం మైసయ్యది. నిజాయతీపరుడు. ఆగిన ప్రతి గిరాకీని ముందుగా ఒకే ప్రశ్న అడుగుతాడు.

"సారూ, నెత్తికా, పోలీసోళ్లకా?"

ఇంతవరకు ఒక్కరూ నెత్తికని చెప్పలేదట!

"నెత్తికంటే నేనే షాపుకు పొమ్మంట గదా సారూ," అన్నాడు మైసయ్య. హెల్మెట్‌ను రెండు అరచేతుల మధ్య నొక్కి, మాగిన మామిడిపండులా ఎంత మెత్తగా ఉందో చూపించాడు. "ఇది ఎండకు మంచిగుంటది. వానకు జర మంచిగుంటది. పడ్తే మాత్రం నన్ను అడగొద్దు."

సైజు అడిగాను. నన్ను జాలిగా చూశాడు.

"సైజేంది సారూ? తాతకొస్తది, మనుమనికొస్తది. వదులైతె కింద తువ్వాల చుట్టుకుంటరు."

దేశంలో ఏ ఇంజనీరుకైనా తట్టిందా ఈ ఉపాయం?

ఇక వాడకం. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా మీరు ఏ రోడ్డు మీదైనా నిలబడి చూడండి. హెల్మెట్ మోచేతికి ఉంటుంది. దేశంలోకెల్లా సురక్షితమైన మోచేతులు మా పాలమూరువే! లేదంటే బండి అద్దానికి ఉంటుంది. అద్దానికి దెబ్బ తగిలితే వెనక వచ్చేది కనిపించదు కదా. చెకింగ్ ఉన్న చౌరస్తా కనిపించగానే అది తలమీదికి ఎక్కుతుంది, చౌరస్తా దాటగానే దిగుతుంది. మిగతా సమయంలో దానిలో టమాటాలు, కోడిగుడ్లు ప్రయాణం చేస్తాయి. ఒక్క గుడ్డు పగిలినట్టు ఇంతవరకు నేను వినలేదు. చూశారా, హెల్మెట్ పనిచేయదనే వాళ్లు ఎంత అబద్ధాలకోరులో!

కొంతమంది మాత్రం ఈ మర్యాదలు పాటించరు. హెల్మెట్‌ను తలకే పెట్టుకుంటారు. పైగా కింద బెల్టు కూడా బిగిస్తారు! మా వీధిలో ఉన్న అలాంటి మనిషి పేరు నజ్మా.

నజ్మా వీపనగండ్లలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున్నే కూతురు ఫిర్దోస్‌ను స్కూటీ వెనక ఎక్కించుకుని, ఊరి చివర బడి దగ్గర దింపి, పెబ్బేరు మీదుగా వీపనగండ్ల పోతుంది. స్కూటీ కొన్నప్పుడు షోరూం వాళ్లు ఇచ్చిన హెల్మెట్ రోజూ పెట్టుకుంటుంది. ఫిర్దోస్‌కు హెల్మెట్ లేదు. ఏడో తరగతి పిల్లకు హెల్మెట్ ఏమిటి? వెనక కూర్చునేవాళ్లు కిందపడరు కదా!

వరికోతల కాలంలో ఒకరోజు, ఫిర్దోస్‌ను దింపి పోతుండగా, నజ్మా పడింది. రోడ్డుకు సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు వాటిమీద ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. ఎదురుగా లారీ వచ్చింది. నజ్మా పక్కకు తిప్పింది. చక్రం వడ్లమీద జారింది. తల పోయి రాయికి తగిలింది.

మోచేయి దోక్కుపోయింది. అంతే. తల క్షేమం. హెల్మెట్‌కు మాత్రం చెవి దగ్గర నుంచి పైదాకా ఒక పగులు.

ఇక్కడే మా వీధి గొప్పతనం బయటపడింది. నజ్మాను చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆమె మోచేతిని ఒకసారి చూసి, హెల్మెట్‌ను చాలాసేపు చూశారు. అత్తగారు జాహెదా దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి దాని బెల్టుకు కట్టింది. ఎదురింటి చంద్రమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. నజ్మాకు కాదు, హెల్మెట్‌కు! ఆ తర్వాత దాని డ్యూటీ పెరిగింది. లైసెన్సు టెస్టుకు పోయేవాడు ఒకరోజు అడిగి తీసుకున్నాడు. పెళ్లిచూపులకు పోయేవాడు ఇంకోరోజు. ఇద్దరికీ పని అయింది. ఇక దానికి తిరుగుందా?

అలాంటి హెల్మెట్‌ను పట్టుకుని నజ్మా ఏమందో తెలుసా? ఇది పనికిరాదు, కొత్తది కొంటానంది!

పంచాయితీకి నన్ను పిలిచారు.

"నువ్వే జెప్పు భయ్యా," అంది జాహెదా, హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని. "ఇంత పెద్ద రాయి తగిలినా నా కోడలిని బచాయించింది. దీంట్ల బర్కత్ ఉన్నది, అల్లా దయ ఉన్నది. బర్కత్ ఉన్నదాన్ని ఇంట్లకెల్లి ఎవరన్న బయట పారేస్తరా?"

"బర్కత్ అయిపోయింది అమ్మీ," అంది నజ్మా. "లోపల తర్మాకోల్ నలిగింది చూడు. అది ఒక్కసారి దెబ్బ తినెతందుకే ఉంటది. తిన్నది. దాని పని ఖతం. ఇప్పుడు గది ఉత్త చిప్ప."

నజ్మా భర్త యాసర్ కూలర్లు, ఏసీలు బాగుచేస్తాడు. వస్తువుల గురించి తెలిసినవాడు. అతను హెల్మెట్‌ను తిప్పి చూసి, పగులు మీద వేలితో రాసి, నిపుణుడిలా తల ఊపాడు.

"ఏం కాలేదే. జర ఫెవిక్విక్ పెడ్తె కనిపియ్యనే కనిపియ్యది."

ఎంత మంచి పరిష్కారం! పగులు కనిపించకపోతే పగులు లేనట్టే. ఈ సూత్రం మీద ఎన్ని గోడలు నిలబడి లేవు? నేను వెంటనే జాహెదా ఆపా వైపు తీర్పు చెప్పాను. నజ్మా నా వైపు ఒక్క చూపు చూసింది.

"మీరు నడుసుకుంట తిరుగుతరు గద అన్నా. మీకేం బాధ?"

తీర్పు చెప్పేవాడికి ఇలాంటి అవమానాలు మామూలే.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా షాపుకు పోయి, తల కొలిపించుకుని, కొత్త హెల్మెట్ తెచ్చుకుంది. ఇంట్లో గొడవవుతుందనుకున్నారా? కాలేదు. జాహెదా పెద్దమనసు మనిషి. కోడలి తెలివితక్కువతనాన్ని క్షమించింది. పాత హెల్మెట్‌ను కొంగుతో తుడిచింది. తాయెత్తును సరిచేసింది. మనవరాలిని దగ్గరికి పిలిచింది.

"మీ అమ్మకు వద్దంట. మంచిదే అయ్యింది. ఇగ ఇది నీది బేటీ. నీకేం గాదు."

ఫిర్దోస్ తలమీద పెట్టింది. అది ముక్కుదాకా దిగింది. లోపలి నుంచి పిల్ల నవ్వు వినిపించింది.

"దాదీ, చీకటుంది!" అని అరిచింది.

"కింద స్కార్ఫ్ కట్టుకో, ఆగుతది," అన్నాడు యాసర్.

చూశారా, ఎంత ప్రేమ! ఇంట్లో అన్నిటికంటే అదృష్టమున్న వస్తువు ఇంట్లో అందరికంటే చిన్నపిల్లకు దక్కింది. ఇంతకుమించి ఒక కుటుంబం ఏం చేయగలదు?

నజ్మా వంటింట్లోంచి వచ్చింది. కూతురి తలమీద నుంచి హెల్మెట్ తీసింది. వాకిట్లో బండమీద బోర్లించింది. రోకలి ఎత్తి ఒక్కటేసింది.

ఒకే ఒక్కటి!

హెల్మెట్ రెండు చిప్పలుగా విడిపోయింది. లోపలి తర్మాకోల్ పేలాల్లా వాకిలంతా చెదిరింది. చంద్రమ్మ పరుగెత్తుకొచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఇగ పెట్టుండ్రి దాని నెత్తికి," అంది నజ్మా. "ఎట్ల పెడ్తరో నేను గూడ చూస్త."

జాహెదా కిందకూర్చుని, తెగిన బెల్టు నుంచి తాయెత్తు విప్పుకుని, కళ్లకద్దుకుంది. ఆమె చూపు ఆ చిప్పలమీదే ఉంది. తర్వాత ఫిర్దోస్‌ను దగ్గరికి లాక్కుని, పిల్ల నడినెత్తిన అరచెయ్యి ఆనించి, అట్లాగే ఉంచింది.

యాసర్ మాత్రం గట్టిగా ఖండించాడు. "మంచిగున్న దాన్ని పలగ్గొట్టినవ్ గదనే! పోరికి ఇప్పుడు ఏం లేకుండ జేసినవ్!"

నేనూ తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇలాంటి ఆడవాళ్లు వీధికొకరు తయారైతే మన గతి ఏమిటి? అదృష్టం మీద నమ్మకం ఎక్కడ మిగులుతుంది? మైసయ్య ప్రశ్నకు జనం "నెత్తికే" అని జవాబివ్వడం మొదలుపెడితే, ఆ తాళ్లకు ఏం వేలాడాలి? ఈ అరాచకం గురించి ఒక ఘాటైన కాలమ్ రాయాలని నిర్ణయించుకుని, యాసర్ అభిప్రాయం తీసుకోవడానికి మర్నాడు సాయంత్రం బజారుకు బయల్దేరాను.

అతను చౌరస్తా దగ్గర మొబైల్ షాపులో దొరికాడు. కౌంటర్ మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. షాపువాడు అతని ఫోన్‌కు స్క్రీన్ మీద కొత్త టెంపర్డ్ గ్లాసు అంటిస్తున్నాడు. పాత గ్లాసు పక్కనే ఉంది. ఎత్తి వెలుగులో చూశాను. ఓ మూలన వెంట్రుకంత గీత.

"ఇదేంది యాసర్, మంచిగానే ఉంది కదా? జర ఫెవిక్విక్ పెడితే కనిపించదు," అన్నాను.

యాసర్ నన్ను చూసి నవ్వాడు. ఏమీ తెలియని వాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"గట్ల గాదన్నా. ఒక్కసారి దెబ్బ తింటే గ్లాసు పని అయిపోయినట్టే. పైకి ఏం తెల్వదు. మళ్ల పడ్డదనుకో, గ్లాసు ఆపది, లోపలున్నది పోత..."

మాట అక్కడే ఆగిపోయింది.

షాపువాడు బుడగ లేకుండా గ్లాసును గుడ్డతో ఒత్తుతున్నాడు. యాసర్ కౌంటర్ మీద వేళ్లతో కాసేపు తాళం వేశాడు. తర్వాత నావైపు చూడకుండానే ఫోన్ అందుకుని నజ్మాకు కలిపాడు.

"నజ్మా... ఫిర్దోస్ నెత్తి ఎంతుంటదో జర టేపు పెట్టి చూస్తవా?"

అవతలి గొంతు నాకూ వినిపించింది, షాపువాడికీ వినిపించింది.

"నెత్తి కొలిచేది అయిపోయింది. హెల్మెట్ షాపులనే ఉన్నం. అమ్మీ గూడ వచ్చింది, పిల్లకు పెట్టి, కింద బెల్టు గుంజి చూస్తుంది. నువ్వు జర నీ ఫోన్ పైలంగ చూస్కో!"

యాసర్ ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా, గీత పడకుండా.