అక్కడేం లేదు

ఆ ఆదివారం ఉదయం వద్దుగారు ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, సంచిలో రెండు స్టీలు కప్పులు పడేసుకుని బయల్దేరాడు. ఒక్క మనిషికి రెండు కప్పులెందుకని అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. భార్య పోయి ఆ రోజుకు ఏడాది. మధ్యాహ్నం దాకా కౌంటర్లో కూర్చుని, తాళం వేసి, తిన్నగా ఊరి బయట పాత రాళ్ల క్వారీకి వెళ్లి, అక్కడి బండ మీద చీకటి పడేదాకా నోరు విప్పకుండా ఒంటరిగా కూర్చోవాలి. ఆయన వేసుకున్న పథకం అంతే. ఇంత చిన్న కోరిక కూడా తీరనివాళ్లు ఉంటారా అనిపిస్తుంది గానీ, ఉంటారు.

వద్దుగారి ఉద్యోగం రైల్వేస్టేషన్లో, యాత్రికులకు ఊరి విశేషాలు చెప్పే కౌంటర్లో. కొత్తగా రైలు దిగినవాళ్లు అద్దానికున్న కన్నం దగ్గర నడుం వంచి, "ఇక్కడ చూడదగ్గవేమున్నాయండీ?" అని అడుగుతారు. పూర్వం ఆయన బాగానే చెప్పేవాడు. భార్య పోయాక మాత్రం లోకంలో దేన్నీ పొగడటానికి మనసు రాలేదు. కోట సంగతి అడిగితే, "మోకాళ్లు పోతాయి. పైకెళ్లాక కనబడేది మీరెక్కొచ్చిన మెట్లే" అనేవాడు. మ్యూజియం అంటే, "సగం గదులకు తాళాలు. తాళాల్లేని గదుల్లో లైట్లుండవు" అనేవాడు. నది ఒడ్డుకైతే సాయంత్రం దోమలు, పొద్దున మనుషులు. వద్దుగారన్న పేరు అలా వచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

చిత్రమేమిటంటే, ఆయన మాట విని దిగాలుగా వెళ్లినవాళ్లు సంతోషంగా తిరిగొచ్చేవాళ్లు. ఆయన చెప్పినంత ఘోరంగా ఏమీ లేదే అని మురిసిపోయేవాళ్లు. దాంతో వద్దుగారు అబద్ధమాడడన్న పేరు పొరుగూళ్లకు కూడా పాకింది. కొందరు రైలు దిగీదిగగానే ఆయనచేత నాలుగు వంకలు పెట్టించుకుని గానీ ఊళ్లోకి అడుగుపెట్టేవాళ్లు కాదు.

కౌంటర్ వెనక గోడకు ఊరి పటం ఒకటి వేలాడుతుంటుంది. దానిలో పై మూలన ఒకచోట కాగితం వేలిముద్రంత మేర అరిగి తెల్లబడింది. క్వారీ ఉన్న చోటు అదే. భార్య ఉన్న రోజుల్లో ఆదివారం కౌంటర్ మూసేవేళకు వచ్చి, అక్కడ వేలితో పొడిచి, "ఇవాళా ఈ గుంటకేనా? దారే పోయేవాళ్లకు ఊరంతా చూపిస్తారు. కట్టుకున్నదానికి మాత్రం దుమ్ము, ధూళి" అని సణిగేది. సణుగుతూనే ముందు తనే నడిచేది. కాగితాన్ని సగం అరగ్గొట్టింది ఆవిడ. మిగతా సగం ఈ ఏడాదిలో వద్దుగారు అరగదీశాడు. రోజూ తాళం వేసేముందు ఒకసారి అక్కడ వేలు ఆనించకపోతే ఆయనకు ఇంటికెళ్లబుద్ధి కాదు.

ఆ రోజు పొద్దుటి బండికి రిటైరైన టీచర్ల గుంపొకటి దిగింది. వాళ్లకు నాయకురాలు ఒక హెడ్‌మిస్ట్రెస్. పదవి నుంచి ఆవిడ దిగిందిగానీ, ఆవిడ గొంతు దిగలేదు. కోట గురించి, మ్యూజియం గురించి, నది గురించి వద్దుగారు పెట్టిన వంకలన్నీ తల పంకిస్తూ శ్రద్ధగా విన్నది. తర్వాత ఆవిడ చూపు పటం మీదికి పోయింది.

"ఆ తెల్లమచ్చ ఏమిటి?"

"పాత క్వారీ. అక్కడేం లేదండి."

"ఏం లేదంటే?"

"ఏం లేదంటే ఏమీ లేదు."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "కోటకు మెట్లన్నారు. మ్యూజియానికి తాళాలన్నారు. నదికి దోమలన్నారు. దీనికి ఒక్క వంకైనా పెట్టలేదే?"

వద్దుగారు ఉలిక్కిపడ్డాడు. నిజమే, ఆ చోటుకు వంకలు పెట్టడం ఆయనకు అలవాటు లేదు. ఆ పని ఇన్నేళ్లూ ఇంకొకరు చూసుకున్నారు.

"దుమ్మండీ" అన్నాడు తడబడుతూ.

"ఈ స్టేషన్లో లేదా?"

"పాములు కూడా..."

"మీరు చూశారా?"

అబద్ధం చెప్పడం చేతకాక, "ఇంతవరకు కనబళ్లేదండి" అన్నాడు.

"అయితే తరచూ వెళ్తుంటారన్నమాట!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనా? నేనెందుకెళ్తాను?" అంటూ వద్దుగారు సంచిని కాలితో బల్ల కిందికి తోశాడు. లోపల కప్పులు రెండూ గణగణమన్నాయి. పిల్లలు వీపుల వెనక దాచుకున్నవన్నీ కనిపెడుతూ తల నెరిసిన మనిషికి ఆ చప్పుడు చాలు. ఆవిడ వెనక్కి తిరిగి తన గుంపుతో, "పదండి. ముందు సామాన్లు పెట్టేసి వద్దాం" అంది.

సామాన్లు దాచే గది పక్కనే ఉంది. దాన్ని చూసుకునే ఆవిడ వద్దుగారిని అన్నయ్యా అని పిలుస్తుంది. మంచి మనిషి. లోకంలో సగం అనర్థాలు మంచి మనుషుల వల్లే జరుగుతాయి. టీచర్లు క్వారీ మాట ఎత్తగానే ఆవిడ గొంతు తగ్గించి, "ఆ చోటు సంగతి అన్నయ్య దగ్గర ఎత్తకండమ్మా. తలుచుకుంటేనే పాపం ఆయనకు కన్నీళ్లాగవు" అంది. ఎందుకాగవో చెప్పబోయేలోగా సంచుల వరస పెరిగి ఆవిడ పనిలో పడిపోయింది.

టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేన్నీ మెచ్చని మనిషికి తలుచుకుంటేనే కన్నీళ్లొస్తున్నాయంటే, కళ్లారా చూస్తే ఇంకెలా ఉంటుందో! ఈ మాట ప్లాట్‌ఫారం దాటేసరికి "చూసినవాళ్లెవరూ ఏడవకుండా ఉండలేరట" అయింది. టీ కొట్టు దాటేసరికి "అంత అందం పాడైపోతుందని ఎవర్నీ పోనివ్వడం లేదట" అయింది. ఆటోస్టాండు చేరేసరికి, పుట్టి బుద్ధెరిగి క్వారీకి ఒక్క బేరమూ తోలని డ్రైవర్లు "క్వారీ! క్వారీ! ఒక్క సీటే!" అని గొంతులు చించుకుంటున్నారు.

ఆ అరుపు కౌంటర్లో ఉన్న వద్దుగారికి వినబడింది. పరుగున వెళ్లి ఆటోలకు అడ్డం నిలబడ్డాడు.

"వెళ్లకండి బాబూ! మీకు దణ్ణం పెడతాను. అక్కడ గుంట తప్ప ఏమీ లేదు. ఇవాళ ఒక్కరోజు నా మాట వినండి!"

అప్పటిదాకా వెళ్లాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డవాళ్లు కూడా ఎగబడి ఆటోలెక్కారు. ఊళ్లో పనిమీద వచ్చినవాళ్లు పని మానుకుని ఎక్కారు. ఒకాయన కూతురింటికి వెళ్లాల్సినవాడు, అల్లుడికి ఫోన్ చేసి వాళ్లనే క్వారీకి రమ్మన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో వద్దుగారికి అప్పుడు తెలిసింది.

కౌంటర్లోకి తిరిగొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఆఫీసు మేనేజర్, ఇంటి నుంచి.

"ఏమయ్యా, మా బావమరిది స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. ఊళ్లో ఆటోవాళ్లకు తెలిసిన చోటు టూరిజం మేనేజర్‌వి, నీకు తెలీదా బావా అంటున్నాడు. మా ఆవిడ పక్కనే ఉండి విన్నది. నా పరువేం కావాలి?"

"సార్, అక్కడేం లేదు సార్."

"నా దగ్గర కూడానా? జీపేసుకుని వస్తున్నా. నువ్వే దగ్గరుండి అందరికీ చూపించాలి."

"ఇవాళ్టికి నన్నొదిలేయండి సార్."

"ఇవాళేమిటి విశేషం?"

చెప్పాలనే ఉంది. కానీ చెబితే పరామర్శ మొదలుపెడతాడు, ఆయన వెనక ఆఫీసంతా మొదలుపెడుతుంది, ఆపైన ఎవరి మొహం చూడాలన్నా బరువే. "ఏం లేదు సార్" అన్నాడు. పొద్దుటి నుంచి ఎవరూ నమ్మని ఆ మాటను మేనేజర్ ఒక్కడే నమ్మాడు, అదీ నమ్మకూడని చోట.

దారి పొడవునా జీపు ముందూ వెనకా ఆటోలే. వద్దుగారు సంచి ఒళ్లో పెట్టుకుని, కప్పులు చప్పుడు కాకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. కాపురం మొదట్లో, ఇంటినిండా జనంతో మొగుడూ పెళ్లాం నోరు విప్పి మాట్లాడుకునే మూల కూడా లేనప్పుడు, వెతుక్కుంటూ వెళ్లిన చోటది. ఆ తర్వాత ఇల్లు మారింది, మూలలు పెరిగాయి, చివరికి ఇల్లంతా ఖాళీ మూలలే అయింది. ఆ బండ మాత్రం మారలేదు. ఈ ఏడాదంతా ప్రతి ఆదివారం ఆయన అక్కడ కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ప్రతిసారీ కూర్చున్నప్పటికంటే దిగులుగా లేచాడు. అయినా ఆ నిశ్శబ్దమే తనకు మిగిలిన ఆస్తి అనుకున్నాడు. ఇవాళ అదీ పోయింది.

క్వారీ దగ్గర తిరునాళ్లలా ఉంది జనం. చూడ్డానికి మాత్రం ఆయన చెప్పిందే ఉంది. రాళ్లు తవ్వేసిన పెద్ద గుంట, దాని అంచున తుప్పుపట్టిన క్రేను, నాలుగు ముళ్లపొదలు, ఒక చివర విరిగిన రాతిబండ. జనం ఆ గుంటలోకి చూసి, ఒకరినొకరు చూసుకుని, మళ్లీ గుంటలోకి చూస్తున్నారు. ఏడుపు రావడం లేదని కొందరు కంగారుగా కూడా ఉన్నారు.

మేనేజర్ జీపు దిగి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఆయన బావమరిది అప్పటికే ఒక ముళ్లపొదలో ప్యాంటు చింపుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఇదా? దీన్ని చూడమని ఇంతమందికి ఎవరు చెప్పారు?"

"నేను వద్దనే కదా సార్ చెప్పాను."

"నువ్వు వద్దంటే రావడం మానేస్తారా ఎవరైనా? ఆమాత్రం తెలీదూ?" అని మేనేజర్ విసుక్కున్నాడు. తర్వాత బావమరిదికి సమాధానం చెప్పుకోవడానికి వెళ్లాడు.

వద్దుగారు బండ వైపు నడిచాడు. విరిగిన కొస ఎప్పుడూ ఆయనది. బాగున్న కొస భార్యది. ఇప్పుడు ఆ కొసన హెడ్‌మిస్ట్రెస్ కూర్చుని చెప్పుల్లోంచి రాళ్లు దులుపుకుంటోంది. ఆయనకు కోపమొచ్చింది. లేవమని చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడే గొంతెత్తింది.

"ఇంతదూరం వచ్చింది ఈ గుంట చూడ్డానికా? దుమ్ము, ధూళి! కూర్చోడానికి తిన్నని బండ కూడా లేదు!"

అవతలి రాతిగోడ ఆ మాటలు పట్టుకుని, "తిన్నని బండ కూడా లేదు... లేదు" అని తిరిగి అప్పగించింది.

"ఎవరది వెక్కిరించేది?" అంది ఆవిడ తల తిప్పి. గోడ అదీ అడిగింది.

వద్దుగారు ఉన్నచోటనే నిలబడిపోయాడు. ఆయన భార్య ఇక్కడ ఏనాడూ ఊరికే కూర్చోలేదు. ఎండ అనేది, రాయి గుచ్చుకుంటోందనేది, అత్తగారు ఏమన్నారో చెప్పేది, మీరొకరు, ఉలకరు పలకరు అనేది. ఆవిడ ఒకసారి సణిగితే ఈ గుంట రెండోసారి సణిగేది. ఇద్దరి మధ్యా ఇరుక్కుని ఆయన ఎంత హాయిగా ఉండేవాడో! ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ నిశ్శబ్దమన్నది లేనేలేదు. అటువంటి చోటికి ఏడాది పాటు వచ్చి, నోరు కుట్టుకుని కూర్చుని, ఆవిడ ఎక్కడా లేదే అని ఆయన కుమిలిపోయాడు.

ఇప్పుడు ఎటు విన్నా సణుగుడే. దారి బాగాలేదని ఒకరు, మోసపోయామని ఒకరు, నీడ లేదని ఇంకొకరు. గోడ అన్నిటినీ ఓపిగ్గా తిరిగి చెబుతోంది. వద్దుగారు విరిగిన కొసన కూలబడి, పబ్లిగ్గా, సిగ్గులేకుండా ఏడ్చాడు. జనం సద్దుమణిగి ఆయన చుట్టూ చేరారు.

"చూశారా, మనం విన్నది నిజమే. ఆయనకు కన్నీళ్లాగడం లేదు" అన్నారెవరో గౌరవంగా. కొందరు గుంటలోకి మళ్లీ ఒకసారి, ఈసారి జాగ్రత్తగా చూశారు.

హెడ్‌మిస్ట్రెస్ కొంచెం జరిగి కూర్చుంది. వద్దుగారు కళ్లు తుడుచుకుని, సంచి విప్పి, రెండో కప్పులో టీ పోసి ఆవిడకు అందించాడు. ఆవిడ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చక్కెర వేయలేదేం?"

"చక్కెర వేయలేదేం... లేదేం" అంది గోడ.

ఏడాదిలో మొదటిసారి వద్దుగారు నవ్వాడు.

మర్నాడు మేనేజర్ అరిగిన పటాన్ని తీయించి కొత్తది పెట్టించాడు. క్వారీ పేరు ఎవరి దగ్గరా ఎత్తకూడదని గట్టిగా చెప్పాడు కూడా. ఆయన అటు వెళ్లగానే ఒక జంట కన్నం దగ్గర నడుం వంచి, చూడదగ్గవేమున్నాయని అడిగింది. వద్దుగారు కోటకు మెట్లు, మ్యూజియానికి తాళాలు, నదికి దోమలు వరసగా అప్పజెప్పాడు. ఆ తర్వాత లేచి వెళ్లి, మచ్చలేని కొత్త కాగితం మీద పై మూలన వేలు ఆనించాడు.

"ఇక్కడికి మాత్రం వెళ్లకండి. అక్కడేం లేదు. ఆదివారం సాయంత్రమైతే మరీ ఏమీ ఉండదు" అన్నాడు.

ఆ వైపు వెళ్లే బస్సు ఎక్కడ ఎక్కాలో వాళ్లు అడక్కముందే చెప్పాడు.